ఏరేసిన ముగింపు

"బస్సులో పాపకు మళ్లీ ఫిట్స్ వస్తే ఏం జేసేది చిన్నమ్మా?"

విరుదునగర్ పోయే బస్సు సాత్తూరు దాటేలోపు ఈ మాట నాలుగుసార్లు అడిగాను. రెండేళ్ల నా కూతురు నిరోషాకు పోయిన నెల జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చింది. భయం లేదని డాక్టర్ చెప్పాడు. కెమిస్ట్రీ చదివినదాన్ని, నమ్మాలి. నమ్మలేక పది నిమిషాలకోసారి పాప చంకలో థర్మామీటర్ పెట్టి చూస్తున్నాను.

"ఎంత ఉండాది?"

"తొంభై తొమ్మిది."

"సరి. నా వైవా కంటే నీ మొగం చూస్తేనే నాకు బయంగా ఉండాది పో."

ఆమె సుబ్బులక్ష్మి, మా అమ్మ చెల్లెలు. నలభై ఆరేళ్లు. కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి చేసే షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా గింజలు ఏరుతోంది. ఇంటి దగ్గరే చదివి బి.ఎ. పాసై, రెండేళ్లుగా పొద్దున విరుదునగర్ కాలేజీలో తమిళం ఎం.ఎ., మధ్యాహ్నం షెడ్డు. పాత రష్యన్ కథల తమిళ అనువాదాల మీద ప్రాజెక్టు రాసింది. ఆ రోజు వైవా తప్పితే ఇంకో ఏడాది ఆగాలి. ఒంటిపూట పని ఇకమీదట కుదరదని షెడ్డువాళ్లు ముందే చెప్పేశారు.

పాపను అక్కడే డాక్టర్‌కు చూపించేది మధ్యాహ్నం. అంతదాకా వైవా గదిలో చివరి బెంచీ మీద కూర్చున్నాను.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఆచార్యుడు తమిళంలో అడిగాడు. "మంచు తుఫానులో డాక్టర్ కోసం బండి కట్టుకుని పోయిన తండ్రి కథ ఉంది కదమ్మా. ఎలా ముగుస్తుంది?"

"డాక్టర్ వస్తాడు సార్. బిడ్డ కళ్లు తెరిచి పాలు అడుగుతుంది."

ఆయన పుస్తకం తెరిచి ఆమె ముందుకు తోశాడు. "ఏదీ, చూపించండి."

ఆమె చదువుతోంది. మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది. ప్రాజెక్టులో ఈ కథ గురించి మంచు వర్ణనే రాసింది. పుస్తకమే చదవలేదంటారు, అయిపోయింది, అనుకున్నాను. నా చెయ్యి పాప నుదుటి మీదే ఉంది.

"బిడ్డ చనిపోయింది సార్," అంది చివరికి.

షెడ్డులో గింజలు ఏరేటప్పుడు ఆమె తమిళ పుస్తకం చూసి అందరికీ తెలుగులో కథ చెప్పేది. ఈ కథ ముగింపు దగ్గర, తనతో గింజలు ఏరే, బిడ్డను పోగొట్టుకున్న వళ్ళియమ్మాళ్ చేట విసిరికొట్టింది. "ఆ బిడ్డను సంపితివంటే నీ కత నువ్వే ఇనుకో!" అప్పటి నుంచి వాళ్లు అడిగినప్పుడల్లా సుబ్బులక్ష్మి ఆ బిడ్డను బతికించింది. చెప్పీ చెప్పీ ఆమెకే అది నిజమైపోయింది.

ఇదంతా దాచకుండా చెప్పింది. "పుచ్చుగింజను ఏరేసినట్టు ఏరేశాను సార్. తప్పు నాదే."

"ఏరేస్తే కథలో ఏం పోయింది?"

ఆమె చివరి పేజీ మళ్లీ చదివింది. "తండ్రి పోయాడు సార్. బిడ్డ ప్రాణం పోయాక కూడా ఆయన బయటికి వెళ్లి ఆలస్యంగా వచ్చిన డాక్టర్ గుర్రానికి గడ్డి వేస్తాడు. నేను చెప్పే కథలో ఆ గడ్డికి చోటే లేదు."

ఆయన ఏదో రాసుకున్నాడు. గంట తర్వాత మార్కులు చెప్పారు. యాభై మూడు. యాభైకి పాసు.

ఆస్పత్రికి నడుస్తుంటే నేను మళ్లీ మొదలుపెట్టాను, జ్వరం పెరిగితే ఎలా అని. ఆమె ఎండలో నిలబడిపోయి నన్ను తిట్టింది. పాపకు జ్వరం వచ్చినప్పుడల్లా ఇప్పుడు నేను థర్మామీటర్‌లో అంకె ఒక్కసారి చూసి నోటుపుస్తకంలో రాస్తాను, పుస్తకం మూస్తాను. ఆమె ఆ రోజు అన్నది ఇదే:

"నేను లేని బిడ్డను బతికిస్తి. నువ్వు ఉండే బిడ్డను దినమూ సంపుతుండావు. ఇద్దరమూ పుస్తకంలో లేందే చదివేది! ఉండేది చదువమ్మా. చదివేసి, బిడ్డకు అన్నం పెట్టు."