తమ్ముడివ్వని మూలుగ

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. ఇంట్లో ఇంకెవరికీ పరీక్ష అక్కర్లేదని డాక్టరుగారితో చెప్పింది నేనే. "మా తమ్ముడు చర్చిలో నిలబడి మాటిచ్చేడండీ" అన్నాను. "ఎందుకైనా మంచిది, మరొకరిని చూసి ఉంచుదామా?" అన్నారాయన. నేను నొచ్చుకున్నాను.

అంతకు ముందు కొన్నేళ్లుగా కీళ్లు వాచేవి, చెవులు ఎర్రబడేవి, జ్వరం చెప్పకుండా వచ్చేది. రాజోలులో వాతమన్నారు. స్టెరాయిడ్ మాత్రలు మింగి మింగి ముఖం పనసకాయలా తయారైంది. చివరికి రక్తం బాగా పడిపోయాక హైదరాబాదులో అసలు సంగతి తేలింది: ఎముకల్లో మూలుగ చెడింది, అందులో పుట్టిన కణాలే నా ఒంటిమీద తిరగబడుతున్నాయి. మూలుగ చెడితే మిగిలేది మూలుగే కదా! మరొకరి మూలుగలో పుట్టే మూలకణాలు ఎక్కిస్తే రక్తమూ వాపులూ రెండూ కుదుటపడవచ్చు. లేకపోతే ఎక్కువ కాలం లేదు.

తమ్ముడివి సరిపోయాయి. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ వాడే లేచి, "నా రక్తం మా అన్నయ్యదే" అన్నాడు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనైతే రుమాలే తడిపేశాను.

మేం ఆస్పత్రిలో చేరాల్సిన రోజుకి ముందురోజు ఫోను చేశాడు.

"అన్నయ్యా, మీ మరదలు ఉపవాసముండి ప్రార్థన చేసిందండి. సెలవు రాలేదండి."

"ఎవరి సెలవురా?"

"దేవుడిదండి. వెన్నులో సూదులు గుచ్చితే నడుం పోద్దంట. ఏమీ అనుకోకండి."

"ఆయ్" అన్నాను. నా కణాలు నామీద తిరగబడితే దానికో రోగం పేరుంది. దీనికేం పేరు పెట్టను?

అమలాపురంలో పాఠాలు చెప్పుకునే మా అమ్మాయి పరుగున వచ్చింది.

"నన్నెందుకు అడగలేదు నాన్నా?"

"పెళ్లి కావాల్సిన పిల్లవి..."

"నాన్న కావాల్సిన పిల్లని కూడా!"

తనవి సగమే సరిపోయాయి. సగమైనా చాలన్నారు. కొన్నాళ్లు ఇంజెక్షన్లిచ్చి, చేతి నరంలోంచి ఒక పూటలో తీసేశారు. నడుం నిక్షేపంలా ఉంది.

నెలలు గడిచి, వాపులు తగ్గి ఊరొచ్చేసరికి చర్చిలో అందరి నోటా దాత మా తమ్ముడే. వాడు ఔననలేదట, కాదనీ అనలేదట.

కృతజ్ఞత కూటం పెట్టాం. దాతకి శాలువా కప్పడం మా వాడుక. వాడు కొత్త చొక్కా తొడుక్కుని ముందు వరుసలో కూర్చున్నాడు, ఎప్పటిలాగే అన్నయ్య తన పరువు కాపాడతాడనుకున్నాడేమో. నేను మైకు అందుకుని, "ఈ శాలువా మా తమ్ముడు..." అని దగ్గాను. వాడు లేచాడు.

"...తన చేతులతో మా అమ్మాయికి కప్పుతాడండి. నాకు మూలకణాలిచ్చింది తనే. ఆ పిల్ల కోసం ప్రార్థన కూడా వాడే చేస్తాడు. ఇవాళైనా సెలవు దొరుకుతుందనుకుంటానండి."

శాలువా కప్పి వాడు కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా" అన్నాడు, మళ్లీ "ప్రభువా" అన్నాడు, అక్కడే ఆగాడు. నేనూ తొందరపెట్టలేదు.