గంజి అధ్యాయం

ఏలూరు పవర్‌పేటలో స్టెల్లా టీచరు గారంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆవిడ నవల రాస్తోందంటే నమ్మినవాళ్ళు అంతకంటే తక్కువ. ఆవిడకే నమ్మకం లేదు, ఇంకొకళ్ళని అనుకోవడం దేనికి! ముప్ఫయ్యేళ్ళకు పైగా కొల్లేటి లంకల్లో పిల్లల చేత అ ఆలు దిద్దించి, వానాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని పడవలెక్కి దిగి, రిటైరయ్యేనాటికి మోకాళ్ళ నొప్పులూ, ఒక ఇనప బీరువా సంపాదించుకున్న మనిషి. ఆ బీరువాలో చీరల కింద ఏవో రాసుకున్న కాగితాలున్నాయని భర్త హెన్రీకి తెలుసు. ఆయన మంచివాడు, అడిగేవాడు కాదు. ఆవిడ రాసుకునే పూట అన్నం తనే వార్చేసేవాడు.

ఆవిణ్ణి బయటికి లాగినవాడు భీమశంకరం గారు. తాడేపల్లిగూడెం రైల్వే గూడ్స్ షెడ్డులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి. వేంగి చాళుక్యుల మీద మూడు నవలలు రాసి, మూడూ సొంతంగా అచ్చేయించుకుని, అమ్ముడుపోనివన్నీ మంచం కింద దాచుకున్నాడు. దాచుకున్నాడంటే ఊరికే కాదు, ఎవరింట్లో పెళ్ళయినా కట్నం కవరు బదులు ఓ నవల చదివించేవాడు. ఆ వైపు పెళ్ళికూతుళ్ళలో చాలామంది చాళుక్యుల చరిత్రతోనే కాపురానికెళ్ళారు పాపం.

2003లో గూడెం గ్రంథాలయ వారోత్సవాల్లో స్టెల్లా మొహమాటపడుతూ ఓ చిన్న కథ చదివింది. ఎప్పుడో నూట నలభయ్యేళ్ళ కిందటి బందరు ఉప్పెనలో అయినవాళ్ళందరినీ పోగొట్టుకుని, కొల్లేటి ఒడ్డు పట్టుకుని నడిచి నడిచి, ఏలూరు మిషను కాంపౌండుకి చేరిన పదేళ్ళ పిల్ల కథ. సభ అయ్యాక ఆవిడ బస్సు కోసం నిలబడితే, భీమశంకరం గారు ఆయాసపడుతూ వెనకాలే వచ్చాడు.

"ఏవండీ టీచరు గారూ, ఆగండాగండి! మీరు చదివింది కథ కాదండీ బాబూ. నవలకి మొదటి పేజీ. మిగతాదేదండీ?"

"మిగతాదేం లేదండి."

"ఉందండి. మీ మొహం చూస్తే తెలుస్తోంది. రాయండి. నేను చూస్తాను."

అంతే, పట్టుకున్నాడు. నెలకోసారి ప్యాసింజరు బండెక్కి వచ్చేవాడు, రాసింది చదివేవాడు, బాగుంటే తొడ మీద చరుచుకునేవాడు, బాగోకపోతే మంచినీళ్ళడిగేవాడు. ఆ మంచినీళ్ళ భయంతోనే స్టెల్లా ఒక్కో అధ్యాయం మూడేసి సార్లు రాసింది. మూడేళ్ళకి నవలయింది. బెజవాడ పబ్లిషరొకాయన చూసి, "చారిత్రక నవలంటున్నారు, రాజులేరండీ?" అనడిగాడట. "రాజులు లేకపోతే చరిత్ర లేదా! మనమే వేసుకుందాం పదండి" అని భీమశంకరం గారు ఒంటికాలి మీద లేచాడు. ముగ్గురు చాళుక్యుల్ని మంచం కింద పెట్టుకున్న మనిషి ఆ మాట అనడం చూసి స్టెల్లాకి నవ్వాగలేదు.

అక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా ఒక్క అధ్యాయంతో వచ్చింది.

నవల్లో ఉన్న పిల్ల వేరెవరో కాదు, స్టెల్లా దగ్గరే ఉంటున్న తల్లి యేసమ్మకి తాతమ్మ. యేసమ్మకి ఎనభై దగ్గర పడ్డా, ఏటా కోత పండగనాడు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేది. "చిమ్మచీకట్లో మా తాతమ్మకి ప్రభువు ఒక వెలుగు చూపించాడండి. ఆ వెలుగు పట్టుకుని నడిచొచ్చిందండి. ఆ వెలుగులోనే మేమందరం ఉన్నామండి." పాస్టర్లు మారారు గానీ ఆ సాక్ష్యం మారలేదు. వెనక బెంచీల్లో పిల్లలు ఆవిడతోపాటు పెదాలు కదిపేవాళ్ళు.

ఆ వెలుగు దగ్గరికొచ్చేసరికి స్టెల్లా కలం మొరాయించింది. ఎన్నిసార్లు రాసినా అతికించినట్టుందే తప్ప నమ్మబుద్ధి కాలేదు. చివరికో రోజు విసుగెత్తి, పదేళ్ళ పిల్ల, రోజుల తరబడి తిండి లేదు, దానిక్కావలసింది ఏమిటి అనుకుంది. అనుకుని, మిషను వాకిట్లో గంజి పోస్తున్నారని విని ఆ పిల్ల పరుగెత్తుకొచ్చినట్టు రాసేసింది. కలం ఆగలేదు. రాసి చదువుకుని, ఆ కాగితాలు గభాల్న చీరల కిందికి తోసేసింది.

ఎందుకంటే, 'గంజికి కలిసినవాళ్ళు', అంటే తిండి కోసం మతంలో కలిసినవాళ్ళన్న ఎత్తిపొడుపు మాట ఆ ఇంటికి కొత్త కాదు. స్టెల్లా చిన్నప్పుడు వీధి కుళాయి దగ్గర ఎవరో ఆ మాటంటే, యేసమ్మ బిందె కిందపెట్టి వాళ్ళ దుమ్ము దులిపి వచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం దొడ్లో కూర్చుని ఏడ్చింది. ఇప్పుడదే మాట కన్నకూతురే అచ్చేయించి ఊరందరికీ పంచుతుందా? అమ్మ బతుకంతా చెప్పుకున్న సాక్ష్యాన్ని అబద్ధం చేస్తుందా?

"ఆ అధ్యాయం తీసేద్దామండి" అంది భీమశంకరం గారితో ఫోన్లో.

"తీసేసి ఏం పెడతారండీ?"

"వెలుగు పెడతాను."

"టీచరు గారూ, నేను మూడు నవలల నిండా వెలుగులే పెట్టానండి, దివిటీలతో సహా. అవెక్కడున్నాయో మీకు తెలుసు కదా. మీరు రాసినవాటిల్లో మొదటిసారే నేను మంచినీళ్ళు అడగంది ఆ ఒక్క అధ్యాయానికేనండి. మీ అమ్మగారికి ముందు చదివి వినిపించండి. ఆవిడ వద్దంటే నేనే కొట్టేస్తాను."

చదివి వినిపించడానికి స్టెల్లాకి ధైర్యం చాల్లేదు. ఇవాళ కాదు రేపనుకుంటూనే ప్రూఫులొచ్చేశాయి.

ప్రూఫులు దిద్దడంలో భీమశంకరం గారిది గూడ్స్ షెడ్డు పద్ధతి. అక్కడ సరుకు చీటీ ఒకడు పైకి చదివితే, ఇంకొకడు బస్తాలు సరిచూసుకోవాలి. ఇక్కడా అంతే. ఆయన రాతప్రతి పైకి చదవాలి, ఆవిడ అచ్చుకాగితం చూసుకోవాలి. చదవడమంటే కామాలూ ఫుల్‌స్టాపులతో సహా, అదీ ఇంజను కూతని మించిన గొంతుతో. శనివారం మధ్యాహ్నాలు యేసమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి వెళ్తుంది కాబట్టి, గంజి అధ్యాయం ఆ పూటకి దాచి ఉంచారు.

తీరా ఆ శనివారం సమాజం జరగలేదు. యేసమ్మ దొడ్డిదారిన వచ్చి, వంటింట్లో పీట వాల్చుకుని బెండకాయలు తరుగుతోంది. ముందుగదిలో వీళ్ళకి ఆ సంగతి తెలియదు.

"పిల్ల దొన్నె చాపింది, కామా, గంజి వేడికి వేళ్ళు కాలాయి, కామా, అయినా వదల్లేదు, ఫుల్‌స్టాప్. పక్కన ఎవరో ప్రార్థన చేస్తున్నారు, ఫుల్‌స్టాప్. పిల్లకి వినపడలేదు, ఫుల్‌స్టాప్. దానికి ఆ క్షణాన దేవుడూ గంజే, కామా..."

గుమ్మంలో నీడ పడింది. స్టెల్లా తలెత్తి చూసి, చేతిలో ఎర్రకలం వదిలేసింది. యేసమ్మ కత్తిపీట పక్కనుంచి అలాగే లేచొచ్చింది, చేతికి బెండకాయ జిగురు.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. ఊహించి రాశాను. చిన్నపిల్ల కదా, ఆకలేసుంటుందని... తీసేస్తానమ్మా. ఇవాళే తీసేస్తాను."

"ఊహించావా!" అంది యేసమ్మ. కుర్చీలో కూలబడింది. భీమశంకరం గారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆవిడ తాగలేదు, గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది.

"వెలుగు అబద్ధం కాదు. గంజి కాచే గాడిపొయ్యి మంట అది. రాత్రిపూట దూరం నుంచి కనపడిందంట. ఆ మంట చూసే నడిచొచ్చారు."

"వచ్చారా? ఎవరెవరమ్మా?"

"తమ్ముడున్నాడే. నాలుగేళ్ళోడు. ఎత్తుకునొచ్చింది. కాంపౌండు గోడ దగ్గరికొచ్చేసరికి వాడిక కదల్లేదు. అక్కడ పడుకోబెట్టి, లైన్లో నిలబడింది. మనిషికో గరిటె. తనది తాగేసి, తమ్ముడికండీ అని ఏడిచి ఇంకో గరిటె పోయించుకుంది. పట్టుకుని బయల్దేరింది. గోడ దగ్గరికి వెళ్ళేలోపు..." యేసమ్మ ఒళ్ళో గ్లాసుకేసి చూసింది. "అదీ తాగేసింది. తెలియకుండానే తాగేసిందంట. వాడు ఆ సాయంత్రమే పోయాడు."

స్టెల్లాకి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆవిడ బతికినన్నాళ్ళూ మొదటి ముద్ద కంచం పక్కన పెట్టకుండా అన్నం ముట్టలేదు. నా చిన్నతనంలో ఎందుకు తాతమ్మా అని సతాయిస్తే, పోయేముందు నాకొక్కదానికే చెప్పింది. ఎవరికీ చెప్పకే, నన్ను తిట్టుకుంటారు అంది. నేనేం చేయనే? చెప్పొద్దంది. చెప్పకుండా ఉండలేను. అందుకని ఆ మంటొక్కటీ చెప్పుకుంటూ వచ్చాను."

"తీసేస్తానమ్మా" అంది స్టెల్లా మళ్ళీ, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ.

"తీసేస్తే నీ కాళ్ళు విరగ్గొడతాను! రాయాల్సిందంతా రాసి, పిల్లాణ్ణి వదిలేశావు. వాణ్ణి పెట్టు. ఆవిణ్ణి తిట్టుకునేవాళ్ళుంటే ఇన్నాళ్ళకి వాళ్ళూ కాస్త పెద్దవాళ్ళయి ఉంటార్లే."

"వాడి పేరేంటమ్మా?"

"పెద్దిరాజు."

భీమశంకరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ ఇంటి ఫోన్లోంచే డి.టి.పి. సెంటరుకి ఫోన్ చేశాడు. "ఏవండీ, ప్రెస్సుకి పంపకండి. ఇంకో పిల్లాడొస్తున్నాడు. అవునండీ, పేజీలు పెరుగుతాయి. పెరగనివ్వండి!"

ఆ నెలంతా తల్లీ కూతుళ్ళు ముందుగదిలో కూర్చుని ఆ పిల్లాణ్ణి పెంచారు. వాడు అక్క వీపెక్కి కొల్లేటి కొంగలకి పేర్లు పెట్టాడు. తాటిముంజెల కోసం పేచీ పెట్టాడు. కొన్ని తాతమ్మ చెప్పినవి, కొన్ని స్టెల్లా కల్పించినవి, రెంటికీ తేడా తర్వాత ఆ ఇద్దరికే తెలియలేదు. స్టెల్లా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ రాయలేదు.

2007 వేసవిలో పుస్తకం వచ్చింది. ఆ చర్చివాళ్ళ ఇళ్ళల్లో స్కూటరు కొన్నా, ఉద్యోగం వచ్చినా కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మామూలే కాబట్టి, పుస్తకానికీ అదే పెట్టారు. ఆవిష్కరణ సభ అనుకుని ఉపన్యాసం తయారుచేసుకొచ్చిన భీమశంకరం గారు, పాటల పుస్తకం చేతికిస్తే బిక్కమొహం వేసి, రెండో చరణానికి తనూ గొంతు కలిపాడు. రైల్వే గొంతు కదా, వాయిద్యాల అవసరం లేకపోయింది.

ప్రార్థనయ్యాక పాస్టరు గారు పుస్తకం తెరిచి అంకితం పేజీ చదివారు. "పెద్దిరాజుకు." అటూ ఇటూ చూశారు. "ఎవరండీ ఈ పెద్దిరాజు గారు? మన సంఘంలో ఉన్నారా?"

యేసమ్మ గోడ పట్టుకుని లేచింది. ఎప్పటి సాక్ష్యమే అనుకుని జనం సర్దుకు కూర్చున్నారు. ఆవిడ గాడిపొయ్యి మంట గురించి చెప్పింది, రెండో గరిటె గురించి చెప్పింది. ఎవరో పక్కవాళ్ళ చెవిలో ఏదో అన్నారు. యేసమ్మ ఆ వైపు తిరిగింది.

"అవునండి, గంజికే వచ్చాం. ఆకలేసిన పిల్లలు గంజికి కాక దేనికొస్తారండీ? పోసినవాళ్ళు దేవుడి పేరు చెప్పి పోశారు. ఆ పేరు మాకు రుచిగానే ఉంది, ఉండిపోయాం. సిగ్గెందుకండీ!"

స్టెల్లా తల్లి పక్కకొచ్చి చేయి పట్టుకుంది. యేసమ్మ కూతురి చేతిలోని పుస్తకం తీసుకుని, ఆ పేరున్న చోట వేలు పెట్టి అందరికీ చూపించింది.

"ఈ పిల్లాడి పేరు ఇన్నాళ్ళూ భూమ్మీద నా ఒక్కదానికే తెలుసండి. నేను కళ్ళు మూస్తే వాడు రెండోసారి చచ్చిపోయేవాడు. ఇహ నాకా బెంగ లేదు."