రెండో సీలు

దెయ్యాలంటే నాకు నవ్వు. చెరుకు తోట కూలీలం ఉండే లైన్లలో ఎవరికి ఒళ్లు తూలినా దెయ్యం పట్టిందనేవాళ్లు. పొద్దుటి నుంచి చెరుకు నరికితే దెయ్యమైనా తూలుతుందని నేను వెక్కిరించేదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ సముద్రం దాటి వచ్చిన ఈ దీవిలో, నవువా ఏటి మొగలో జరిగింది మాత్రం చెప్పి తీరాలి.

అప్పటికి మా గిర్మిట్, అదే ఐదేళ్ల కూలి ఒప్పందం, ఇంకా రెండేళ్లు మిగిలి ఉంది. నా కూతురు గౌరికి మూడేళ్లు నిండినా మాట రాలేదు. ఏడిస్తే కన్నీళ్లే తప్ప గొంతు లేచేది కాదు.

ఒక ఆదివారం పిల్లను ఇసుకలో కూర్చోబెట్టి, మడ చెట్ల మధ్య పీతలు పడుతున్నాను. తలెత్తేసరికి పిల్ల లేదు. పోటు ఎక్కుతోంది. పిలిచినా పలకలేని పిల్లను ఎక్కడని వెతకను?

అప్పుడు వినిపించింది, "అమ్మా..." అని. సాగదీసి, కొంచెం బొంగురుగా. ఆ వైపు పరుగెత్తాను.

నీళ్ల మధ్య చిన్న ఇసుక దిబ్బ మీద గౌరి కూర్చుని ఉంది. పక్కనే బూడిద రంగు జంతువు. కుక్క మొహం, పొడుగు మీసాలు, కాళ్ల చోట తెడ్లలాంటివి. పిల్లకూ ఎక్కే నీళ్లకూ మధ్య అడ్డంగా పడుకుంది. నేను నడుం లోతు నీళ్లలో వెళ్లి పిల్లను ఎత్తుకున్నాక, నన్నొకసారి చూసి మెల్లగా జారిపోయింది.

మా లైనులోని పోలయ్య మామ ఒకప్పుడు వేట ఓడలో వంటవాడిగా దక్షిణాన మంచు సముద్రం దాకా వెళ్లొచ్చాడు. ఆనవాళ్లు చెప్పగానే, "అది సీలు గదేటమ్మీ!" అన్నాడు.

నాకు తెలిసిన సీలు ఒకటే, ఓడ ఎక్కించే ముందు డిపోలో గిర్మిట్ కాగితం మీద కొట్టింది. అది ఈదడమేమిటని మామతో తగాదాకి దిగాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, తర్వాత చెప్పాడు.

"మంచు మీద పిల్లని ఒగ్గేసి తల్లి చేపలకెల్తాది. తిరిగొచ్చి కేకేస్తాది. వందల పిల్లలున్నా తన పిల్ల గొంతు దానికి ఎరికే. పరాయి పిల్లని దగ్గిరికి రానీదు. ఈ ఎండ దేశానికి అదెందుకొచ్చిందో నాకూ తెల్దు."

దాని అరుపే నాకు అమ్మా అని వినిపించిందనుకుందాం. మరి పరాయి పిల్లను రానివ్వని జంతువు నా పిల్లకెందుకు కాపలా కాసింది?

నెల తిరక్కుండా గౌరి నోరు విప్పింది. గది వెనక నుంచి "అమ్మా..." అంది. నా చేతిలో కుండ జారిపోయింది. అదే సాగదీత, అదే బొంగురు.

ఇప్పుడు గౌరి బిడ్డల తల్లి. ఆ రోజు సంగతి నాకు ఈనాటికీ అంతుబట్టదు. నన్ను ఊరు దాటించిన మొదటి సీలును ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. రెండోదానికి మాత్రం సముద్రం కనిపించినప్పుడల్లా దండం పెడతాను.

ఏ మంచులో ఉన్నావో గానీ, పిల్లాపాపలతో చల్లగా ఉండు తల్లీ.