చక్కెర తక్కువైన డోనట్లు

ఖతార్‌లోని అల్ వక్రాలో ఎండలు తగ్గి కిటికీలు తెరిచే రోజుల్లో ఎక్కడైనా దాల్చినచెక్క వాసన వస్తే, ఒకప్పటి మా పక్క ఫ్లాటు ఆవిడే గుర్తొస్తుంది. కరీంనగర్ మనిషి. ఆపిల్ సైడర్ అనే పళ్ళరసాన్ని సగమయ్యేదాకా మరిగించి, పిండిలో కలిపి డోనట్లు వేయించేది.

ఒక ఏడు నా ఉద్యోగం పోయింది. ఎవరికీ చెప్పలేదు. వంటింట్లో సరుకులు నిండుకున్నాయి. అయినా ఒకరి పెట్టుపోతలకు చేయి చాచడం మా వంశంలో లేదు. పది ఊళ్ళకు అన్నం పెట్టిన ఇల్లు మాది; ఆస్తి పోయినా ఆ మాట పోలేదు. ఆవిడ పళ్ళెం తెస్తే వద్దన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చింది.

"తినుమంటలేనన్నా. మీది పెద్దింటి నాలుక గద! చక్కెర సరిపోయిందో లేదో జర చెప్పుండ్రి."

తీర్పు చెప్పమంటే కాదనడం మర్యాద కాదు. తిన్నాను.

"తక్కువైంది."

"ఒక్కటితోని ఏం తెలుస్తది? ఇంకోటి చూడుండ్రి. రేపు మల్ల చేస్త."

ఆ చలికాలమంతా ఆవిడ అడిగేది. నేను పళ్ళెం ఖాళీ చేసి, "ఇంకొంచెం పడాలి" అనేవాణ్ణి.

కొత్త కంపెనీలో చేరమని కబురొచ్చిన రోజు ఒక్కటే కొరికి, "సరిపోయింది" అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది.

"హమ్మయ్య! నౌకరి దొరికినట్టుంది."