తవిటయ్య పిలిచిన సిగ్నల్

టాటానగర్‌లో ఇరవై ఏళ్లు రైలింజను నడిపిన తవిటయ్యను, కంటి పరీక్షలో ఎరుపును పోల్చుకోలేకపోయాడని ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఏడాదే బిష్టుపూర్‌లో టెలిస్కోపు కొన్నాడు. దేన్నైనా బాగా పెద్దదిగా చూపించే ఐపీసు, అంటే కన్ను ఆనించి చూసే అద్దం, అంటగట్టబోయాడు షాపతను.

"పెద్దగా కనపడి మసకేత్తే ఏటి లాభం? చిన్నగున్నా రంగు తెలియాల," అని తక్కువ పవరుదే పట్టుబట్టి తెచ్చుకున్నాడు.

చీకటి పడగానే పర్సుడీహ్‌లోని ఇంటి డాబా మీద నుంచి అంగారకుణ్ణి పట్టాడు. ఇంజనులో సిగ్నల్ చూసినప్పటిలాగే చెయ్యి చాచి, "రెడ్," అని పిలిచాడు. ఇంజనులోనైతే పక్కనున్న అసిస్టెంటు తన కళ్లతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. అది డ్రైవర్ల రివాజు.

ఇక్కడ పక్కనున్నది భార్య పైడితల్లి. వంగి చూసింది. ఆమెకది నారింజ రంగులో కనిపించింది. అతను ఎదురుచూస్తున్నాడు.

ఆమె చెయ్యి చాచింది.

"రెడ్," అంది.