అమీన్‌పూర్ నుంచి సంగారెడ్డికి: కారు వారంటీ, నాన్న పసుపు గీత

మా కారు వారంటీ శనివారంతో ముగుస్తుందనగా, సరిగ్గా ఆ వారమే ముందు చక్రాల దగ్గర కటకటమని చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినా, గుంతలో దిగినా అదే చప్పుడు. అమీన్‌పూర్‌లో ఉండేవాళ్ళకు ఈ రెండూ ఎన్ని అడుగులకొకటి వస్తాయో నేను చెప్పక్కర్లేదు. దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే వచ్చే వారం దాకా ఖాళీ లేదన్నారు. సంగారెడ్డిలో మాత్రం గురువారం ఉదయం పదింటికి రమ్మన్నారు. లోపం స్టీరింగ్ ర్యాక్‌లో, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రాలను తిప్పే భాగంలో ఉందనీ, అది వారంటీలో రాకపోతే నా జీతంలో సగం పోతుందనీ మా ఆఫీసులో కార్ల పిచ్చి ఉన్న ఒకాయన బెదిరించాడు. అందుకని సెలవు పెట్టి, నాన్నను వెంటబెట్టుకుని బయల్దేరాను. మా వైపు నుంచి ఇదే పని మీద వెళ్ళాలనుకునేవాళ్ళకు దారి, సమయం, మర్యాద మూడూ తెలుస్తాయని రాస్తున్నాను. మర్యాద ఎందుకన్నానో చివరికి మీకే అర్థమవుతుంది.

ముందు నాన్న గురించి చెప్పాలి. గుడివాడ దగ్గర నుంచి వచ్చి, ఇక్కడి ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. షోరూమ్ అంటే ఆయనకు కారు కడిగి బిల్లు చేతిలో పెట్టే చోటు, అంతే. మంగళవారం నేను ఆఫీసులో ఉండగా జాకీ పెట్టి, ఎడమ చక్రం ఊడదీసి, దాని వెనకున్న లింకు రాడ్డు నట్లు రెండూ బిగించేశారు. చప్పుడు పోలేదు. బుధవారం సాయంత్రం టార్చి వేసి చూద్దును కదా, రెండు నట్ల మీదా నిగనిగలాడుతూ పసుపు గీత. ప్లాంటులో నట్టు బిగించాక నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక గీత గీయాలట. నట్టు ఏమాత్రం కదిలినా గీత తెగిపోతుంది. గీత లేకపోతే పని పూర్తికానట్టే. ఆ అలవాటు ఆయన్ను ఇంకా వదల్లేదు. మా ఇంట్లో ఫ్యాను బోల్టుకీ, మంచం కాళ్ళకీ, చివరికి కుక్కరు పిడి స్క్రూకీ పసుపు గీత ఉంటుంది. కూతురికి తెలియకుండా దొంగచాటుగా చేసిన పనికి కూడా సంతకం పెట్టే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఉదయం ఏడూ ముప్పావుకు బయల్దేరాం. ఎనిమిదింటికి పటాన్‌చెరు చేరకపోతే షిఫ్టు బస్సుల వెనక ఇరుక్కుపోతారు. మేం ఇరుక్కుపోయాం. అక్కడి నుంచి హైవే మీద ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది దాటితే పోతిరెడ్డిపల్లి చౌరస్తా. సర్వీస్ సెంటర్ దానికి కాస్త ఇవతలే ఉంది. నేను గుంతలు తప్పిస్తుంటే నాన్న మాత్రం కావాలనే గుంతలో దింపమనేవారు, చప్పుడు వినడానికి. ప్రతి చప్పుడుకీ కళ్ళు మూసుకుని తల పక్కకు వంచి, "ఇదిగో, విన్నావా? ఇది నేను బిగించిన చోట కాదు" అనేవారు.

ఇస్నాపూర్‌లో టీకి ఆగాం. పక్క బల్లల దగ్గర రాత్రి షిఫ్టు దిగిన బీహార్ కుర్రాళ్ళు హిందీలో నవ్వుకుంటూ టీలో రస్కులు ముంచుకుంటున్నారు. ఇదే సమయమని విషయం ఎత్తాను.

"నాన్నా, ఆ గీతలు థిన్నర్‌తో తుడిచేద్దాం. డిక్కీలో సీసా పెట్టాను."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "గీత చెరిపితే నట్టు బిగించనట్టే లెక్క. చెరపను."

"అయితే అక్కడ మీరు నోరు విప్పకండి. బయట చెయ్యి పడిందని తెలిస్తే వారంటీ ఇవ్వరు. నేను మాట్లాడుకుంటాను."

"సరేలే. నీ కారు, నీ ఇష్టం" అన్నారు. నాన్న అంత సులువుగా ఒప్పుకుంటే నాకు భయమేయాలి. కానీ ఆ పూట నా ధ్యాసంతా స్టీరింగ్ మీదే ఉంది.

తొమ్మిదీ నలభైకి చేరాం. కౌంటర్ దగ్గర తెల్ల చొక్కా వేసుకున్న అడ్వైజర్ జాబ్ కార్డు నింపుతూ అడిగాడు. "బయట ఎక్కడన్న పని చేయించిండ్రా మేడం?"

"లేదండీ" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం. నాన్న తన చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయారు. బండిని లిఫ్టు ఎక్కించేసరికి ఒంటిగంట అవుతుందనీ, ఈలోపు ఏమైనా తినేసి రమ్మనీ చెప్పారు. అందుకని కంది వైపు కొంచెం వెనక్కి నడిచాం.

రోడ్డు పక్కనే రేకుల కప్పు కింద ఒకావిడ జొన్నరొట్టెలు చేస్తోంది. రొట్టె, పప్పు, పచ్చిమిర్చి తొక్కు. ఇద్దరు వంద రూపాయల్లో కడుపు నిండా తినొచ్చు. ఆ దారిన వెళితే వదలకండి. నాన్నకు ఆ తొక్కంటే ప్రాణం. కానీ ఆ రోజు సగం రొట్టె దగ్గరే ఆగిపోయారు.

"ఏంది పెద్దయ్యా, తింటలేవు? రొట్టె గట్టిగైందా?" అని అడిగిందావిడ.

"రొట్టె బ్రహ్మాండంగా ఉందమ్మా. నేనే సరిగ్గా లేను."

"ఇంకోటి వేడిది ఏస్త, జెర తిను" అని అడక్కుండానే వేసింది. నాన్న ఆ రొట్టెను చేత్తో తుంచుతూ నాతో మెల్లగా అన్నారు. "ముప్ఫై నాలుగేళ్ళలో నేను చేసిన పనిని నాది కాదని ఎప్పుడూ అనలేదమ్మా." నాకు వెళ్ళి నిజం చెప్పేయాలనిపించింది. మరుక్షణమే జీతంలో సగం గుర్తొచ్చింది. నా సంగతి ఇంతే.

తిరిగి వెళ్ళేసరికి అడ్వైజర్ మా కోసమే చూస్తున్నాడు. లిఫ్టు మీద కారు, కింద టార్చి పట్టుకుని ఒక మెకానిక్. "మేడం, బయట ముట్టలేదన్నరు. ఈ పసుపు రంగేంది మరి? ఇట్ల అయితే కంపెనీ క్లెయిమ్ రిజెక్ట్ చేస్తది" అన్నాడు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు నాన్న ముందుకొచ్చారు. "నేనే విప్పాను బాబూ. ఎడమ లింకు రాడ్డు, రెండు నట్లు. అమ్మాయి ఇంట్లో లేనప్పుడు చేశాను, తనకేమీ తెలీదు."

నాకు తెలుసు. థిన్నర్ సీసా డిక్కీలోనే ఉంది. తన పనిని దాచుకోలేని మనిషి నా అబద్ధాన్ని మాత్రం తన కడుపులో దాచుకున్నారు. అక్కడే ఏడుపొచ్చేసింది. ఇక ఆగలేక, "నాకు తెలుసండీ. తెలిసే లేదన్నాను. తప్పు నాది" అనేశాను.

అడ్వైజర్ మెకానిక్ వైపు చూశాడు. ఆ మెకానిక్ పేరు యాదగిరి. గుమ్మడిదల మనిషి, యాభై దాటి ఉంటాయి. ఆయన మా ఇద్దరినీ పట్టించుకోకుండా ఆ గీతలే చూస్తున్నాడు. "సారు, మీరు ప్లాంటుల చేసిండ్రా? గిట్ల గీత గీసేటోళ్ళను ఇగ ఇన్నేండ్లకు చూస్తున్న. నా అప్రెంటిస్ టైంల మా ఉస్తాద్ గిట్లనే గీయమనెటోడు" అన్నాడు. తర్వాత అడ్వైజర్‌ను కారు కిందికి పిలిచి టార్చి పట్టాడు.

"ఇగో, జెర ఇటు సూడుండ్రి. సారు ముట్టినయి గీ రెండే. గీత తెగలే, బిగించినకాడ్నే ఉన్నయి. ఇగ గిది స్టీరింగ్ ర్యాక్. దీని బోల్టుల మీద కంపెనీ తెల్ల గీత ఉన్నది. అది గూడ తెగలే. అంటే ఫ్యాక్టరీలకెళ్ళి వచ్చినంక దీన్ని ఎవ్వరు ముట్టలే. ఊగుతున్నది ఇదే, లోపలనే అరిగింది. సారుకు దీనికి ఏం సంబంధం?"

అడ్వైజర్ రెండు రకాల గీతలనూ ఫోటోలు తీసి కంపెనీకి పంపాడు. దొంగను పట్టించిన గీతే దొంగ తరఫున సాక్ష్యం చెప్పింది. మూడింటికి జవాబొచ్చింది. ర్యాక్ వారంటీలోనే మారుస్తారు, బండి శనివారం ఇస్తారు. జాబ్ కార్డులో 'బయట పని' దగ్గర నేను చెప్పిన 'లేదు' కొట్టేసి, నాన్న తన చేత్తో 'ఎడమ లింకు రాడ్డు నట్లు రెండు, నేనే బిగించాను' అని రాసి సంతకం పెట్టారు. యాదగిరి నాన్న జేబులోని పసుపు మార్కర్ చూసి, "సారు, గిది ఇయ్యాల నాకిస్తరా?" అన్నాడు. నాన్న ఎవరికీ పెన్ను కూడా ఇవ్వరు. అది తీసి చేతిలో పెట్టేశారు.

తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో నిలబడితే పటాన్‌చెరుకు బస్సులు వరసగా వస్తూనే ఉంటాయి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్, నాన్నకు మాత్రం డబ్బులిచ్చి కొన్నాం. "అబద్ధం చెప్పినదానికి ఫ్రీ, నిజం చెప్పినవాడికి టికెట్టు" అన్నారు.

"మీరూ ఒకటి చెప్పారుగా, నాకేమీ తెలీదని."

కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వారు. "చెల్లుకు చెల్లు. ఇంట్లో మీ అమ్మకు రెండూ చెప్పకు."

మీ బండి ఇంట్లో విప్పాలా, షోరూమ్‌కు ఇవ్వాలా అని నన్నడిగితే ఇప్పుడు నా దగ్గర ఒకే జవాబు లేదు. వారంటీ ఉన్నంతకాలం ర్యాకులూ ఇంజన్లూ వాళ్ళకే వదిలేయండి. అందులో నాన్న కూడా ఓడిపోయినట్టు ఒప్పుకున్నారు. కానీ చెయ్యి తిరిగిన మనిషి ఇంట్లో ఉంటే ఆ చేతుల్ని కట్టేయకండి. నేను ఆ రోజు దాకా ఆ గీతలను చాదస్తం అనుకున్నాను. అది ఆయన తన పనికి జవాబు చెప్పుకునే పద్ధతని ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు. ఒక్క సలహా: ఇంట్లో ఏది ముట్టుకున్నా విప్పే ముందొక ఫోటో, బిగించాక ఒక ఫోటో తీసి ఉంచుకోండి. కౌంటర్‌లో అడిగిన వెంటనే అవి చూపించండి, మొదట్లో మర్యాద అన్నది దీన్నే.

శనివారం బండి తెచ్చుకున్నాం, చప్పుడు లేదు. ఇంటికి రాగానే నాన్న పాత దుప్పటి పరిచి, టార్చి పట్టుకుని కిందికి దూరారు. కొత్త ర్యాకు బోల్టుల మీద షోరూమ్ తెల్ల గీత పక్కనే పసుపు గీత. చాలాసేపు చూశారు.

"కాస్త వంకరగా గీశాడు" అన్నారు. బయటికి మాత్రం వెంటనే రాలేదు.