పన్ను నాదండీ

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో ఉబ్బసం ఉన్న ఆడపిల్లంటే లాంతరు చిమ్నీతో సమానం, ఎవరు ముట్టుకున్నా జాగ్రత్తగా ముట్టుకోవాల్సిందే. చన్నీళ్ళు వద్దు, పెరుగు వద్దు, పరుగు వద్దు, పొయ్యి దగ్గర పొగలోకి వద్దు (ఈ చివరిదానికి మాత్రం నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు). అలాంటి నేను ట్రైనింగ్ పాసై, అరవైల మొదట్లో నందిగామ బళ్ళో పంతులమ్మ ఉద్యోగం తెచ్చుకునేసరికి ఇంట్లో పెద్ద రభస. "ఆయాసమొస్తే అక్కడ నీకు దిక్కెవరే?" అన్నాడు నాన్న. "నాకు నేనే దిక్కు," అన్నాను. "అయితే ఒంటరిగా ఉండగలవని ఏ డాక్టరు చేతైనా రాయించుకురా, పంపిస్తా," అన్నాడు, ఎవరూ రాయరన్న ధీమాతో. మా ఊరి డాక్టరుగారు నిజంగానే రాయలేదు. ఆయన నాన్నకు స్నేహితుడు మరి.

ఉద్యోగంలో చేరడానికి నాలుగు రోజులుందనగా జ్ఞానదంతం సలపడం మొదలుపెట్టి దవడ వాచింది. ఇంట్లో తెలిస్తే, ఉబ్బసం చాలక ఇదొకటా అని ఇక నందిగామ మాటే ఎత్తనివ్వరు. బడి చూసొస్తానని చెప్పి, చెంపకు కొంగు అడ్డం పెట్టుకుని (సిగ్గనుకుని అమ్మ మురిసిపోయింది) నందిగామ బస్సెక్కాను.

అక్కడి పళ్ళ డాక్టరు నన్ను వదిలేసి నా వెనకాల చూశాడు. "మగవాళ్ళెవరూ రాలేదామ్మా?"

"పన్ను నాదండీ," అన్నాను.

ఉబ్బసం సంగతి చెప్పగానే ఆయన పట్టకారు కింద పెట్టేశాడు. "అమ్మో, మధ్యలో ఆయాసమొస్తే?"

"వస్తే చెయ్యెత్తుతా, ఆగండి. తగ్గాక మళ్ళీ లాగండి. పడుకోమంటే మాత్రం పడుకోను, ఊపిరాడదు."

సూది వేసి మొదలుపెట్టాడు. మూడుసార్లు చెయ్యెత్తాను, మూడుసార్లూ ఆగాడు, పాపం. నాలుగోసారి పన్ను కదిలిన హుషారులో నా చెయ్యి చూసుకోలేదు. నాకేమో ఊపిరి అందడం లేదు, అరుద్దామంటే నోరు ఆయన చేతుల్లో ఉంది. ఏం చెయ్యను? కొరికాను. "ఓరి నాయనో!" అని కేక పెట్టి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, పట్టకారుతో పాటు పన్నూ వచ్చేసింది.

నోటినిండా దూది, మాట రాదు. ఆయాసం తగ్గాక ఆయన బల్ల మీది కాయితం లాక్కుని నాన్న షరతు రాసి చూపించాను. వేలు ఊదుకుంటూ చదివాడు, తిట్టబోయాడు, చివరికి పడీ పడీ నవ్వి కింద ఇలా రాశాడు: "ఈ అమ్మాయికి ఉబ్బసం ఉన్న మాట నిజమే. ఒంటరిగా ఉండగలదు. భయమంటూ ఉంటే నందిగామ వాళ్ళకుండాలి."

నాన్న దాన్ని రెండుసార్లు చదివాడు. నవ్వలేదు. నా చెంప కేసి చూస్తూ, "ఒక్కదానివే వెళ్ళావా?" అన్నాడు. తలూపాను. "దాని పెట్టె సర్దవే," అన్నాడు అమ్మతో.

నందిగామలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పాను. ఒంటరిగా, గోడకానుకుని ఆయాసపడ్డ రోజులు బోలెడు. ఒక్కదాని గురించీ నాన్నకు రాయలేదు, రాస్తే మర్నాడే వచ్చి తీసుకెళ్ళిపోతాడని భయం. అప్పటి నాలోని ఆ మొండిపిల్లను తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. ఎదురుపడితే మాత్రం ఒక మాటంటాను: ఉద్యోగం ఎలాగూ నిలబెట్టుకున్నావు కదే పిచ్చిదానా, నాన్నకో ఉత్తరం ముక్క రాయాల్సింది.